మిడ్‌నైట్ వచ్చేలోపు ప్రొఫెషన్లు సర్దుకోవడం ఎలా

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటకు కొత్త ఎక్స్‌పాన్షన్ (ఆటకు కలిపే పెద్ద కొత్త భాగం) మిడ్‌నైట్ 2026 మార్చి 2న వస్తోంది, అక్కడి టైముకీ మనకీ ఉన్న తేడా వల్ల మనకది మార్చి 3 తెల్లవారుజాము. మేడారం జాతర అయిపోయి మనోళ్లంతా ఒక్కొక్కరే మళ్లీ లాగిన్ అవుతున్నారు, గిల్డ్ (కలిసి ఆడేవాళ్ల బృందం) చాట్‌లో రోజూ నడుస్తున్న ముచ్చట ఒకటే: “అన్నా, క్రాఫ్టింగ్ మొత్తం మారుతుందంట కదా, ఇప్పుడున్న సామాను ఏం చేయాలె, ఏ ప్రొఫెషన్ తీసుకోవాలె?” ప్రొఫెషన్ అంటే ఆటలో మన క్యారెక్టర్ నేర్చుకునే వృత్తి, క్రాఫ్టింగ్ అంటే దాంతో వస్తువులు తయారుచేయడం. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది. హన్మకొండలోనో కాజీపేటలోనో కరీంనగర్‌లోనో చదువు, డ్యూటీ చూసుకుని రాత్రి రెండు గంటలు మాత్రమే ఆడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. రోజంతా ఆడేవాళ్ల లెక్క వేరు.

ముందే చెప్పేస్తున్నా, బ్యాంకు నిండా సరుకు పోగేసి కూర్చున్నవాళ్లకు ఈ పద్ధతిలో పెద్దగా లాభం రాదు. ఒక్క చిన్న పని ఎంచుకుని, దాంట్లో మీ సర్వర్‌లో పేరు వచ్చేదాకా పాయింట్లన్నీ అక్కడే పెట్టినవాళ్లకే వస్తుంది. కింద చెప్పేదంతా దీని చుట్టే తిరుగుతుంది.

మారుతున్నదేంటో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 2022 నవంబర్ 28న డ్రాగన్‌ఫ్లైట్ వచ్చినప్పుడు ప్రొఫెషన్లను పునాదుల నుంచి తిరగరాశారు. తయారుచేసే వస్తువుకు క్వాలిటీ మెట్లు, స్పెషలైజేషన్ చెట్లు (ఏ పనిలో ఆరితేరాలో కొమ్మలు కొమ్మలుగా చూపేవి), వాటిలో వేసుకునే నాలెడ్జ్ పాయింట్లు, వేరేవాళ్లు ఆర్డర్ పెడితే మనం చేసిచ్చే పద్ధతి, అన్నీ అప్పుడే మొదలయ్యాయి. అప్పుడు ఇన్‌స్పిరేషన్ అని ఒక స్టాట్ (క్యారెక్టర్ గుణాన్ని చూపే అంకె) ఉండేది, అది పూర్తిగా అదృష్టం మీద నడిచేది, తగిలితే టాప్ క్వాలిటీ, లేకపోతే మళ్లీ సామాను తెచ్చుకుని మళ్లీ చేయడమే. 2024 ఆగస్టు 26న వచ్చిన వార్ వితిన్‌లో దాన్ని తీసేసి కాన్సంట్రేషన్ పెట్టారు. ఇది అదృష్టం కాదు, మన చేతిలో ఉన్న ఇంధనం. ఎక్కడ ఖర్చుపెట్టాలో మనమే నిర్ణయించుకుంటాం. నా లెక్కలో ఈ ఆట క్రాఫ్టింగ్‌లో జరిగిన అతి మంచి మార్పు ఇదే, మిడ్‌నైట్‌లో కూడా ఇది కొనసాగుతోంది.

మిడ్‌నైట్‌లో కొత్తగా మారేది ముఖ్యంగా మెటీరియల్స్ విషయం. ఇంతవరకు ఒకే మూలికకు, ఒకే ఖనిజానికి మూడు క్వాలిటీలు ఉండేవి, ఇప్పుడు రెండే. గేర్‌కు (ఆయుధాలు, కవచాలు, ఉంగరాల లాంటివాటికి) మాత్రం పాతలాగే ఐదు మెట్లు ఉంటాయి. చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ రోజువారీ పనిలో చాలా తేడా వస్తుంది. బ్యాగులో ఒకే ఆకు మూడు గళ్లు ఆక్రమించేది, ఇక రెండే. ఆక్షన్ హౌస్‌లో (ఆటగాళ్లు సరుకు అమ్ముకునే, కొనుక్కునే చోటు) మూడు రేట్లు పోల్చుకుని, రెండో రకం ఇన్ని మూడో రకం ఇన్ని కలిపితే ఎంత స్కిల్ వస్తుందో లెక్కలు కట్టుకునే బాధ చాలావరకు పోతుంది. ఇంకోవైపు మధ్య రకం అనేదే లేకపోవడం వల్ల మంచిరకానికి, మామూలు రకానికి మధ్య రేటు తేడా మొదటి వారాల్లో బాగా ఎక్కువగా ఉంటుందని నా అంచనా, ఎందుకంటే ఎక్స్‌పాన్షన్ మొదట్లో కోసేవాళ్లందరి స్కిల్ తక్కువే, మంచిరకం పడేది తక్కువ, కావలసినవాళ్లు మాత్రం ఎక్కువ.

ఇక పాత సామాను సంగతి. వార్ వితిన్ ఆకులు, ఖనిజాలు, తోళ్లు మిడ్‌నైట్ గేర్‌కు పనికిరావు, కొత్తదానికి కొత్త సరుకే కావాలి. కాబట్టి పోషన్లు, ఫ్లాస్కులు (తాగితే బలం పెంచే మందులు), ఎన్‌చాంట్‌ల (గేర్‌కు అద్దే మంత్రాల) కోసం దాచుకున్న స్టాక్ ఉంటే ఈ వారమే అమ్మేయండి, ఇంకా ఎవరో ఒకరు రెయిడ్‌కు (గుంపుగా పెద్ద శత్రువుల మీదికి) వెళ్తూనే ఉన్నారు కాబట్టి కొనేవాళ్లున్నారు, మార్చిలో ఉండరు. కానీ మొత్తం ఊడ్చేయకండి. ఈసారి హౌసింగ్ వచ్చింది, ఇల్లు అలంకరించుకునే వస్తువుల రెసిపీలు ఒక్క కొత్త ఎక్స్‌పాన్షన్‌కే పరిమితం కాదు, పాత ఎక్స్‌పాన్షన్ల స్కిల్‌తో, ఆ కాలం మెటీరియల్స్‌తో, దానికి తోడు లంబర్ అనే కలపతో చేసేవి బోలెడున్నాయి. అందుకే ఏళ్ల తరబడి బ్యాంకు మూలన పడి ఉన్న పాత బట్ట, పాత ఇనుము, పాత తోలు ఒకసారి తీసి చూడండి. చెత్త అనుకుని దుకాణదారుడికి రాగి నాణేలకు అమ్మేకంటే, ఆక్షన్ హౌస్‌లో ఇప్పుడు ఏం పలుకుతోందో చూసి నిర్ణయించుకోండి. పాత స్కిల్ సగంలో ఆగిపోయి ఉంటే దాన్ని నింపుకోవడానికి కూడా ఇది మంచి సమయం, లాంచ్ హడావుడి మొదలైతే పాత ఊళ్లవైపు వెళ్లే తీరిక ఎవరికీ ఉండదు.

పాత క్రాఫ్టింగ్ కరెన్సీని కూడా వదిలిపెట్టకండి. డ్రాగన్‌ఫ్లైట్‌లో మెటల్ (Mettle, లోహం కాదు) అని ఒకటి ఉండేది, వార్ వితిన్‌లో అక్యుటీ వచ్చింది, ఎక్స్‌పాన్షన్ మారితే కరెన్సీ మారడం మామూలే. మిగిలిన అక్యుటీని ఇప్పుడే దేనికో ఒకదానికి వాడేయండి.

ఏ ప్రొఫెషన్ తీసుకోవాలి అనే ప్రశ్నకు నేను ఎప్పుడూ తిరిగి ఒక ప్రశ్న వేస్తాను: మీ దగ్గర ఇప్పుడు గోల్డ్ ఎంత ఉంది? చేతిలో గోల్డ్ లేనివాళ్లు మొదటి నెల హెర్బలిజం (మూలికలు కోయడం), మైనింగ్ (ఖనిజాలు తవ్వడం) రెండూ పెట్టుకోండి. ఒక క్యారెక్టర్‌కు ప్రధాన ప్రొఫెషన్లు రెండే కాబట్టి క్రాఫ్టింగ్‌ను ఆల్ట్ (మీ ఇంకో క్యారెక్టర్) మీద పెట్టుకోవచ్చు. క్వెస్టులు (ఆట ఇచ్చే పనులు) చేసుకుంటూ దారిలో కనిపించింది కోసుకుంటూ పోవడమే, వేరే టైము కేటాయించనక్కర లేదు, డ్రూయిడ్ (రూపాలు మార్చుకునే రకం క్యారెక్టర్) ఉంటే ఇంకా హాయి, ఎగిరే రూపంలోంచి దిగకుండానే మూలికలు కోసుకోవచ్చు. గోల్డ్ ఉండి గేర్ చేయాలనుకునేవాళ్లు జతలు మామూలుగానే చూసుకోండి: బ్లాక్‌స్మితింగ్ (కమ్మరిపని), జువెల్‌క్రాఫ్టింగ్ (నగలపని), ఇంజనీరింగ్ ఏదైనా మైనింగ్‌తో, ఆల్కెమీ (మందుల తయారీ) అయినా ఇన్‌స్క్రిప్షన్ (రాతపని) అయినా హెర్బలిజంతో, లెదర్‌వర్కింగ్ (తోలుపని) స్కిన్నింగ్‌తో (తోళ్లు తీయడం). టైలరింగ్‌కు, ఎన్‌చాంటింగ్‌కు మాత్రం సేకరించే ప్రొఫెషన్ ప్రత్యేకంగా అవసరం లేదు, బట్ట శత్రువుల దగ్గరే దొరుకుతుంది, ఎన్‌చాంటర్ పనికిరాని గేర్‌ను విరగ్గొట్టి తన సామాను తనే తీసుకుంటాడు, అందుకే ఆ రెండూ ఒకే క్యారెక్టర్‌కు పెట్టడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. తక్కువ టైము ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పే జత ఇదే.

మొదటిరోజు అమ్మకాల గురించి ఒక మాట. మూలికలు, ఖనిజాలు, పోషన్లు లాంటి సరుకుకు 2022 నుంచి ఆక్షన్ హౌస్ రీజియన్ మొత్తానికీ ఒక్కటే, అంటే మీరు యూరప్ సర్వర్‌లో ఆడుతుంటే యూరప్ అంతటా కోసినవాళ్లతో మీరు పోటీ పడుతున్నట్టు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి బస్తాలు ఒక్కసారిగా దిగితే రేటు ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఇక్కడా అదే జరుగుతుంది, మొదటి ఒకటి రెండు రోజులు మంచి రేటు, ఆ వెంటనే సరుకు పోటెత్తి పడిపోతుంది. ఎపిక్ ఎడిషన్ కొన్నవాళ్లు కొన్ని రోజులు ముందే లోపలికి వెళ్తారు కాబట్టి మార్చి 3 పొద్దున మీరు దిగేసరికి మొదటి రేటు అప్పటికే కొంత దిగి ఉంటుంది. అందుకని కోసింది కోసినట్టు ఆ రోజే అమ్మేయండి, రేటు పెరుగుతుందేమో అని దాచుకోకండి. అమ్మిన ప్రతిదాని మీద ఆక్షన్ హౌస్ 5 శాతం కోసుకుంటుంది, లాభం లెక్కలో అది మరిచిపోవద్దు. మంచిరకం మెటీరియల్ ఉంటే మాత్రం కొంచెం ఆగి చూడొచ్చు, గేర్ చేసేవాళ్లు కొనడం మొదలుపెట్టేది ఆ తర్వాతే.

గేర్ చేసేవాళ్లకు తొందర లేదని ఎందుకంటున్నానో చెప్తాను. మంచి గేర్‌కు స్పార్క్ అనే ప్రత్యేక మెటీరియల్ కావాలి, అది ఆర్డర్ పెట్టేవాళ్ల దగ్గరే ఉంటుంది, ఇంకొకరికి అమ్మడానికి వీల్లేదు. గట్టి గిరాకీ వచ్చేది సీజన్ (కొత్త రెయిడ్లు తెరుచుకునే దశ) మొదలయ్యాకే, అది లాంచ్ అయిన కొన్ని వారాలకు. అలాంటప్పుడు మొదటి రోజే ఆకాశమంత రేట్లకు ఖనిజం కొని స్కిల్ 100కు ఎక్కించడం వల్ల ఒరిగేదేమీ లేదు, వారం ఆగితే అదే ఖనిజం సగానికి వస్తుంది. కానీ ప్రొఫెషన్‌ను మొదటి వారంలోనే నేర్చుకుని కనీసం స్కిల్ 25 దాకా తీసుకెళ్లండి, ఇది మాత్రం తప్పనిసరి. వార్ వితిన్‌లో స్పెషలైజేషన్ తెరుచుకున్నది అక్కడే, వారం వారం వచ్చే నాలెడ్జ్ పాయింట్లు ఆ తర్వాతే పనికొచ్చాయి. స్కిల్‌ను గోల్డ్‌తో ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. వారానికి ఇన్నే అని ఇచ్చే నాలెడ్జ్‌ను గోల్డ్‌తో కొనలేరు. వెనకబడినవాళ్లకు వార్ వితిన్‌లో క్యాచ్-అప్ దారి పెట్టారు నిజమే, అయినా మొదటినుంచీ ముందుండటం వేరు.

నాలెడ్జ్ వచ్చే దారులు చాలావరకు ఇవి: వారపు క్వెస్టు, ఇన్‌స్క్రిప్షన్ వాళ్లు రాసే ట్రీటీస్ అనే పుస్తకం (ప్రొఫెషన్‌కు వారానికి ఒకటే చదవగలరు), మ్యాపులో అక్కడక్కడ దాచిపెట్టిన ప్రొఫెషన్ నిధులు, ఇంకా ఏ రెసిపీ అయినా మొదటిసారి తయారుచేసినప్పుడు వచ్చే పాయింట్. చివరిది చాలామంది పట్టించుకోరు. ఒకే వస్తువును ఇరవై సార్లు చేసి స్కిల్ పెంచుకునే బదులు, తెలిసిన రెసిపీలన్నీ తలా ఒకసారి చేయండి, స్కిల్ పెరుగుతుంది, నాలెడ్జ్ కూడా వస్తుంది. యూరప్ సర్వర్లకు వారపు రీసెట్ (వారం లెక్కలు మళ్లీ మొదలయ్యే సమయం) మన బుధవారం పొద్దున అవుతుంది, లాంచ్ మంగళవారం తెల్లవారుజామున, అంటే మంగళవారం రాత్రి కూర్చుని మొదటి వారం పాయింట్లు తీసేసుకుంటే మర్నాడే రెండో వారానివి మొదలవుతాయి. హోలీ కూడా ఆ రోజుల్లోనే వస్తోంది, రంగులు కడుక్కున్నాక కూర్చోండి.

ఇప్పుడు అసలు విషయం, పాయింట్లు ఎక్కడ వేయాలి. చెట్టులో కనిపించిన కొమ్మకల్లా తలా ఐదు పాయింట్లు వేసినవాళ్లు ఆరు వారాల తర్వాత కూడా దేంట్లోనూ టాప్ క్వాలిటీ చేయలేరు. వార్ వితిన్‌లో ఒకసారి వేసిన పాయింట్‌ను మనంతట మనం వెనక్కి తీసుకునే వీలు కూడా లేదు, కాబట్టి వేసేముందే ఆలోచించాలి. బ్లాక్‌స్మిత్ అయితే కత్తులా, ప్లేట్ కవచమా తేల్చుకోండి, కవచమైతే అందులో మళ్లీ ఏ ముక్కలు అనేది కూడా తేల్చుకోండి. ఎలా తేల్చుకోవాలంటే గిల్డ్‌లో అడగండి, అందరూ ఒక్కటే పట్టుకుంటే అందరికీ నష్టం. మా గిల్డ్‌లో ఈసారి లాంచ్‌కు ముందే పంచుకుంటున్నాం, ఒకరు ప్లేట్, ఒకరు ఆయుధాలు, ఒకరు ఉంగరాలు, ఒకరు ఫ్లాస్కులు. గిల్డ్ ఆర్డర్లోనూ, ఫలానా వ్యక్తికి నేరుగా పెట్టే పర్సనల్ ఆర్డర్లోనూ కనీసం ఇంత క్వాలిటీ కావాలని అడగవచ్చు, మన మనిషి ఒకరు ఆ పనిలో ఆరితేరి ఉంటే గిల్డ్ అంతా బయట కమీషన్ కట్టే అవసరం ఉండదు.

క్వాలిటీ మెట్లు ఎలా పనిచేస్తాయో ఒక ఉదాహరణతో చూద్దాం, ఇది అర్థమైతే సగం గోల్డ్ మిగులుతుంది. ప్రతి రెసిపీకి ఒక డిఫికల్టీ ఉంటుంది. గేర్ విషయంలో మీ స్కిల్ అందులో 20 శాతం దాటితే రెండో క్వాలిటీ, 50 దాటితే మూడోది, 80 దాటితే నాలుగోది, 100 చేరితే ఐదోది. డిఫికల్టీ 300 అనుకుందాం. అంటే 60, 150, 240, 300 దగ్గర మెట్లు. మీ స్కిల్, పరికరాలు, మెటీరియల్స్ అన్నీ కలిపి 245 వస్తే నాలుగో క్వాలిటీ వస్తుంది, 299 వచ్చినా నాలుగోదే వస్తుంది. కాన్సంట్రేషన్ వాడితే రెండు సందర్భాల్లోనూ ఒక మెట్టు ఎక్కి ఐదోది అవుతుంది, కానీ పై మెట్టుకు ఎంత దూరంలో ఉంటే ఖర్చు అంత ఎక్కువ. 245 దగ్గర వాడితే ఇంధనం చాలా కాలిపోతుంది, 290 దాటాక వాడితే కొంచెంతో అయిపోతుంది. కాబట్టి 245 దగ్గర ఉన్నవాళ్లు కాన్సంట్రేషన్ తగలేసే ముందు ఇంకో దారి చూడండి: రెండు మూడు నాలెడ్జ్ పాయింట్లు, ఒక మంచి పరికరం, మామూలు రకం బదులు మంచిరకం మెటీరియల్. ఇప్పుడు రకాలు రెండే కాబట్టి ఈ లెక్క తేలిక, క్రాఫ్టింగ్ విండోలోనే రకం మార్చి చూస్తే స్కిల్ ఎంత పెరుగుతుందో, కాన్సంట్రేషన్ ఎంత తగ్గుతుందో వెంటనే కనిపిస్తుంది. బటన్ నొక్కేముందు ఆ రెండు అంకెలూ చూడటం అలవాటు చేసుకోండి. మంచిరకానికి అదనంగా పెట్టే గోల్డ్ ఎంత, దానివల్ల మిగిలే కాన్సంట్రేషన్ ఎంత, ఆ మిగిలినదానితో ఇంకో వస్తువు చేస్తే వచ్చేదెంత. ఇదే క్రాఫ్టర్ లెక్క.

కాన్సంట్రేషన్ 1000 దాకా నిండుతుంది, రోజుకు సుమారు 250 చొప్పున తిరిగి వస్తుంది, అంటే ఖాళీ అయినది నిండటానికి నాలుగు రోజులు. నిండిపోయాక వచ్చేదంతా వృథా. రోజూ లాగిన్ కాలేనివాళ్లకు ఇది నిజంగా అనుకూలమైన పద్ధతి, బుధవారం ఒకసారి, ఆదివారం ఒకసారి ఖర్చుపెట్టుకుంటే చాలు, ఏమీ పోదు. పరీక్షలున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీకే చెప్తున్నా, రోజూ కూర్చోవాలనే టెన్షన్ పెట్టుకోకండి. ఇంకో సంగతి, కాన్సంట్రేషన్ ప్రతి క్యారెక్టర్‌కు, ప్రతి ప్రొఫెషన్‌కు వేరువేరుగా ఉంటుంది. అందుకే కొందరు పది ఆల్ట్‌లకు ప్రొఫెషన్లు నేర్పిస్తారు. రెండు గంటలు ఆడేవాళ్లకు అంత అక్కర్లేదు, మెయిన్ కాకుండా ఒక్క ఆల్ట్ చాలు, వార్‌బ్యాండ్ బ్యాంకులో (మీ క్యారెక్టర్లన్నిటికీ ఉమ్మడిగా ఉండేది) పెట్టిన మెటీరియల్స్‌ను ఎవరితోనైనా నేరుగా వాడుకోవచ్చు కాబట్టి మెయిల్‌లో పంపుకునే పని కూడా లేదు.

స్టాట్లు క్లుప్తంగా. రీసోర్స్‌ఫుల్‌నెస్ సామాను మిగులుస్తుంది, మల్టీక్రాఫ్ట్ ఒకదానికి బదులు ఎక్కువ ఇస్తుంది కానీ పోషన్ల లాంటి గుట్టగా పెట్టుకునే వస్తువులకే, గేర్‌కు కాదు. ఇంజెన్యుయిటీ తగిలితే వాడిన కాన్సంట్రేషన్‌లో కొంత తిరిగి వస్తుంది. ఫ్లాస్కులు చేసేవాళ్లు మల్టీక్రాఫ్ట్, గేర్ చేసేవాళ్లు ఇంజెన్యుయిటీ. పనిముట్లను ప్రొఫెషన్ స్లాట్లలో పెట్టుకోవడం మరిచిపోయి స్కిల్ రావట్లేదని బాధపడేవాళ్లు ప్రతి ఎక్స్‌పాన్షన్‌లోనూ కనిపిస్తారు, ముందు ఆ స్లాట్లు చూసుకోండి.

గిరాకీ లేని రోజుల్లో ప్యాట్రన్ ఆర్డర్లు చూడండి, ఇవి వార్ వితిన్‌లో వచ్చాయి, మనుషులు కాకుండా ఆటే పెట్టే ఆర్డర్లు. అన్నీ చేయకండి. ఇచ్చే బహుమతి కంటే మన జేబులోంచి పోయే మెటీరియల్ ఎక్కువైతే వదిలేయండి, నాలెడ్జ్ ఇచ్చేవాటికి మాత్రం కొంచెం నష్టమైనా చేయండి, అది కూడా మొదటి నెలలోనే.

లాంచ్‌కు ముందురోజు అప్‌డేట్ మొత్తం దిగిందో లేదో చూసుకోండి. ఆక్షనేటర్, క్రాఫ్ట్‌సిమ్ లాంటి యాడాన్లు (ఆటకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) వాడేవాళ్లు వాటిని కూడా కొత్త వెర్షన్‌కు మార్చుకోండి, పాతవి పెట్టుకుంటే విండో నిండా ఎర్రర్లే. మార్చి అంటే మనకు ఎండలు మొదలయ్యే కాలం, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని వీధుల్లో ఉన్నవాళ్లు రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఆర్డర్ మధ్యలో ఆగిపోయే ఇబ్బంది ఉండదు. ఇలా నెలకు కాస్త కాస్త గోల్డ్ మిగిలితే దాంతో టోకెన్ కొనుక్కుని 30 రోజుల సబ్‌స్క్రిప్షన్ గోల్డ్‌తోనే కట్టుకోవచ్చు, ఇంట్లో డబ్బులు అడగాల్సిన అవసరం లేకుండా ఆడుకునే పిల్లలు మన దగ్గర చాలామందే ఉన్నారు, వాళ్లను చూస్తే నాకు సంతోషం.

చివరగా ఎక్కువమంది గమనించని ఒక అవకాశం. ఆటలో జరిగే డార్క్‌మూన్ సంత ప్రతినెలా మొదటి ఆదివారం మొదలై వారం ఉంటుంది, ఈసారి మార్చి 1 ఆదివారమే, అంటే సంత సరిగ్గా లాంచ్ వారంలో పడింది. అక్కడి ప్రొఫెషన్ క్వెస్టులు స్కిల్ పెంచుతాయి, వార్ వితిన్‌లో నాలెడ్జ్ కూడా ఇచ్చాయి. వెళ్లేది మాత్రం మిడ్‌నైట్ ప్రొఫెషన్‌ను ట్రైనర్ దగ్గర నేర్చుకున్నాకే, ముందే వెళ్తే పాయింట్లు పాతదానికి పోతాయి. క్వెస్టుకు కావలసిన చిల్లర సామాను ఇప్పుడే కొనిపెట్టుకోండి: ఆల్కెమీకి మూన్‌బెర్రీ జ్యూస్ 5, ఇన్‌స్క్రిప్షన్‌కు లైట్ పార్చ్‌మెంట్ 5, టైలరింగ్‌కు కోర్స్ థ్రెడ్, రెడ్ డై, బ్లూ డై ఒక్కొక్కటి, వంట చేసేవాళ్లకు సింపుల్ ఫ్లోర్ 5. అన్నీ మామూలు దుకాణాల్లో దొరికేవే, కానీ సంత దీవిలో దిగాక వెతుక్కుంటే టైము పోతుంది. సంత మార్చి 7 శనివారంతో అయిపోతుంది, మళ్లీ ఏప్రిల్ 5నే.